మందైన మన్ను

తెలుగువారి నుడికారంలో మన్నుకు మర్యాద తక్కువ. మందబుద్ధిని 'మట్టిబుర్ర' అంటారు. చలనం లేక పడి ఉన్నవానిని 'మన్ను తిన్న పాము'తో పోలుస్తారు. ఒకరి జీవనాధారం చెడగొట్టినవాడు వారి 'నోట మన్ను కొట్టా'డంటారు. ఇంటివైద్యంలో మాత్రం ఆ మన్నుకే ఆదరం ఎక్కువ. ఒళ్ళు దద్దుర్లు లేచినా, చర్మం మండినా పుట్టమన్ను తడిపి పూయడం పల్లెలలో తరతరాలుగా వస్తున్న ఆచారం. గర్భిణులు మట్టిబెడ్డల వాసనకు మనసుపడి చాటుగా నమలడం, పెద్దలు కనిపెట్టి మందలించడం చాలా ఇళ్ళు ఎరిగిన సంగతే. దక్షిణాఫ్రికాలో ఉన్న రోజులలో గాంధీజీ ఆడాల్ఫ్ జుస్ట్ అనే జర్మన్ రచయిత గ్రంథం చదివి, మలబద్ధకం పోగొట్టుకోవడానికి పొట్టమీద తడిమట్టి పట్టీ వేసుకొనేవాడు. దాని వలన గుణం కనిపించిందని ఆత్మకథలో రాసుకొన్నాడు.

బాలకృష్ణుడు మన్ను తిన్నాడని తోటిపిల్లలు చెప్పగా యశోద కోపగించిన కథ భాగవతంలో ఉన్నది. పురాణార్థం ఎలా ఉన్నా, తల్లిగా ఆమె భయం న్యాయమైనదే. నేలమీది మట్టిలో ఏలికపాముల గుడ్లు ఉంటాయి. ధనుర్వాతం కలిగించే బాక్టీరియా సిద్ధబీజాలు ఉంటాయి. అలాంటి మన్ను రోగాలను తెస్తుందా, పోగొడుతుందా అన్న ప్రశ్నకు, ఏ మన్ను అని ఎదురు ప్రశ్న వేయవలసి ఉంటుంది. ఆ ఎదురు ప్రశ్నను ప్రయోగశాలలో శ్రద్ధగా వేసి చూసినది 21వ శతాబ్దంలోనే.

మట్టిని మందుగా మింగే అలవాటు ఈ దేశానికే పరిమితం కాదు. గ్రీసు దేశపు లెమ్నోస్ ద్వీపంలో ఒకానొక గుట్టనుండి తవ్విన మట్టిని బిళ్ళలుగా చేసి, వాటిపై ముద్ర వేసి దూరదేశాలకు అమ్మేవారు. విషం తిన్నవారికి, కడుపునొప్పితో బాధపడేవారికి ఆ బిళ్ళలు ఇచ్చేవారు. 'ముద్ర వేసిన మన్ను' అనే అర్థం వచ్చే లాటిన్ పేరుతో అది ప్రసిద్ధికెక్కింది. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన సుప్రసిద్ధ వైద్యుడు గాలెన్ ఆ మట్టిని చూడడానికి స్వయంగా ఆ ద్వీపానికి వెళ్ళాడు. అన్ని మన్నులూ మందు కావని, గుర్తు తెలిసిన చోటి మన్నే కొనాలని ఆనాటి వర్తకులకు, వైద్యులకు తెలుసు. ముద్ర అందుకే పుట్టింది. ఏ గుణం వలన ఆ మన్ను పనిచేస్తున్నదో మాత్రం వారికి తెలియదు.

ఇక రోగం సంగతి. విందుభోజనం చేసి వచ్చినవారిలో పదిమందికి ఒకేసారి వాంతులు, విరేచనాలు మొదలైతే 'ఫుడ్ పాయిజన్ అయింది' అంటారు. ఆ పేరు వెనుక ఒక్క శత్రువు కాక ఒక సైన్యమే ఉన్నది. సరిగా ఉడకని గుడ్డు, మాంసం ద్వారా వచ్చే సాల్మొనెల్లా సాధారణంగా ఆరు గంటలనుండి మూడు రోజుల లోపల బయటపడుతుంది. మలంతో కలుషితమైన నీటి ద్వారా, పచ్చికూరల ద్వారా ఎషరీషియా కొలై వస్తుంది. దీనినే పొట్టిగా ఇ.కొలై అంటారు. ఈ జాతిలో అధికభాగం మనుషుల పేగులలో ఏ హానీ చేయకుండా కాపురముండేవే. కొన్ని రకాలు మాత్రం ప్రాణాంతకమైనవి. స్టెఫైలోకాకస్ ఆరియస్ వంటవాని చేతి పుండునుండి పాయసంలోకి దిగి, అక్కడ విషం తయారుచేసి పెడుతుంది. తిన్న కొద్ది గంటలకే కడుపు తిప్పుతుంది. ఆ పదార్థాన్ని తిరిగి మరిగిస్తే బాక్టీరియా చస్తుంది గాని అది విడిచిన విషం చెక్కుచెదరదు. ఈ తేడా గుర్తుంచుకోదగినది. మట్టి చేయగల పనికి, చేయలేని పనికి మధ్య హద్దు ఇక్కడే ఉన్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించిన అంచనా ప్రకారం, కలుషితాహారం వలన ఏటా 60 కోట్లమంది జబ్బుపడుతున్నారు. వారిలో 4,20,000 మంది మరణిస్తున్నారు. ఆ మృతులలో 1,25,000 మంది అయిదేళ్ళలోపు పసివారే. ఈ రోగాలలో ఎక్కువభాగం వాటంతటవే తగ్గుతాయి. తీవ్రరూపం దాల్చినప్పుడు, క్రిములు రక్తంలో చేరినప్పుడు యాంటీబయాటిక్ మందులే దిక్కు. అయితే ఆ మందులకు లొంగని బాక్టీరియా దినదినాభివృద్ధి చెందుతున్నది. 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12,70,000 మరణాలకు మందులకు లొంగని బాక్టీరియాయే నేరుగా కారణమని 2022లో వెలువడిన ఒక విస్తృత పరిశీలన తేల్చింది. శాస్త్రజ్ఞులు కొత్త ఆయుధాలకోసం పాత మన్నును మళ్ళీ తవ్వడానికి ఈ కొరతే కారణం.

మన్నునుండి మందు తీయడం వైద్యశాస్త్రానికి కొత్త కాదు. క్షయవ్యాధిని జయించిన స్ట్రెప్టోమైసిన్ 1943లో నేలలోని సూక్ష్మజీవి నుండి లభించింది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో, ఆయన సంస్థలోని బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ రాష్ట్రపు మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. 1948లో అది లోకానికి వెల్లడైంది. కాని ఆ మందులు మట్టిలో నివసించే ప్రాణులు తయారుచేసినవి. మట్టి వాటికి ఇల్లు మాత్రమే. ఇక్కడ చెప్పబోయేది ఏ ప్రాణి ప్రమేయమూ లేని కథ. ఇందులో మందు ఖనిజమే.

ఈ కథ మొదలైనది ఆహారంతో కాదు, ఒక పుండుతో. పశ్చిమాఫ్రికాలో బురులి వ్రణం అనే వ్యాధి ఉన్నది. ఉగాండాలోని బురులి అనే ప్రాంతం పేరు దానికి వచ్చింది. క్షయ, కుష్ఠు క్రిములకు దాయాది అయిన మైకోబాక్టీరియం అల్సరాన్స్ దానిని కలిగిస్తుంది. ఆ క్రిమి విడిచే విషం చర్మాన్ని, దాని కింది కొవ్వును తినివేస్తుంది. విచిత్రమేమంటే నొప్పి అంతగా ఉండదు. నొప్పి లేనందున రోగి ఆలస్యంగా వైద్యుని చేరుతాడు. అప్పటికి చేయో కాలో సగం పుండై ఉంటుంది. ఈ శతాబ్ది తొలి సంవత్సరాలదాకా చెడిన కండను కోసివేయడమే ప్రధాన చికిత్స. బాధితులలో చాలామంది పిల్లలు.

లీన్ బ్రూనె ద కూర్సు అనే ఫ్రెంచి సేవాపరురాలు ఐవరీకోస్ట్ దేశంలో ఇటువంటి రోగులకు తన దేశంనుండి తెప్పించిన ఆకుపచ్చని బంకమన్నును నీటితో కలిపి, పుండ్లపై పట్టు వేసి, ప్రతిదినమూ మార్చుతూ వచ్చింది. చెడిన కండ ఊడి, కొత్త చర్మం రావడం గమనించి, ఆ వివరాలను ఛాయాచిత్రాలతో సహా 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదించింది. వైద్యలోకం ఆమె మాటను వెంటనే అంగీకరించలేదు. అంగీకరించకపోవడం తప్పూ కాదు. మట్టి పూయని రోగులతో పోల్చి చూడనిదే మట్టి గుణమేదో, శుభ్రత గుణమేదో తేలదు. బురులి వ్రణానికి నేడు ప్రామాణికమైన చికిత్స ఎనిమిది వారాలపాటు ఇచ్చే యాంటీబయాటిక్కులే. అయినా ఆమె నివేదిక వ్యర్థం కాలేదు. అది ఇద్దరు స్త్రీల దృష్టికి వచ్చింది. ఒకరు అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఖనిజశాస్త్రజ్ఞురాలైన లిండా విలియమ్స్. మరొకరు ఆ విశ్వవిద్యాలయంలోనే సూక్ష్మజీవశాస్త్రజ్ఞురాలైన షెల్లీ హేడెల్. రాతిని చదివినవారు, క్రిమిని చదివినవారు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అరుదు. ఈ సమస్యకు ఆ ఇద్దరూ కావలసివచ్చింది.

ఆ చికిత్సలో వాడిన ఫ్రెంచి మన్నులు రెండు రకాలు. రెండూ ఆకుపచ్చనివే. రెండింటిలోనూ ప్రధాన ఖనిజాలు ఒకటే. చేతిలోకి తీసుకొంటే తేడా తెలియదు. హేడెల్, విలియమ్స్, వారి సహచరులు 2008లో ప్రకటించిన ప్రయోగంలో ఈ రెండింటినీ తడిపి, వాటిలో రకరకాల బాక్టీరియాను కలిపి, 24 గంటలు దేహోష్ణంలో ఉంచారు. ఒక మన్నులో ఇ.కొలై పూర్తిగా చచ్చింది. మందులకు లొంగని ఇ.కొలై రకం కూడా చచ్చింది. ఆహారాన్ని విషతుల్యం చేసే సాల్మొనెల్లా చచ్చింది. స్టెఫైలోకాకస్ పూర్తిగా చావలేదు గాని దాని పెరుగుదల ఆగిపోయింది. రెండవ మన్నులో ఆ బాక్టీరియాకు చావు రాలేదు సరికదా, అది మరింత పెరిగింది. ఒకే తల్లి బిడ్డలవలె కనిపించే రెండు మన్నులలో ఒకటి విషం, ఒకటి అన్నం అన్నమాట.

ఈ ఫలితమే అసలు ప్రశ్నను ముందుకు తెచ్చింది. మొదటి మన్నులో ఉన్నదేమిటి?

దీనికి సమాధానం వెదకాలంటే బంకమన్ను నిర్మాణం కొంత తెలియాలి. ఇసుకరేణువు కంటికి కనిపిస్తుంది. బంకమన్ను రేణువు మిల్లీమీటరులో వెయ్యింట రెండు వంతులకు మించదు. ఇంచుమించు ఒక ఇ.కొలై కణం పొడవంత. ఒక్కొక్క రేణువు అప్పడాల దొంతరవలె పలుచని పొరలతో ఏర్పడి ఉంటుంది. సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పొర ఒకటి, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన పొర మరొకటి, ఇలా ఒకదానిపై ఒకటి పేరుకొని ఉంటాయి. ఆ పొరలకు ఋణవిద్యుదావేశం ఉన్నందున, వాటి నడుమ సోడియం, కాల్షియం, ఇనుము వంటి లోహాల ధనావేశ అయాన్లు వచ్చి చేరుతాయి. అవి అక్కడ స్థిరనివాసులు కావు. నీటిలో వేరే అయాన్లు తగిలితే చోటు మార్చుకొని బయటికి వస్తాయి. కొత్తవి లోపలికి పోతాయి. పొలంలో వేసిన ఎరువును నేల పట్టి ఉంచి, వేళ్ళకు అందించేది కూడా ఈ మార్పిడి ద్వారానే. పొరలన్నీ పరిచి చూస్తే స్మెక్టైట్ జాతి బంకమన్ను ఒక్క గ్రాముకు వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. విషాలను, రంగులను, జిడ్డును అంటించుకొనే శక్తి బంకమన్నుకు అందువలననే కలిగింది. ముల్తానీ మట్టి ముఖంపై జిడ్డును తీసివేయడం ఇందుకు ఇంటింటి ఉదాహరణ.

అందువలన తొలుత కలిగే ఊహ సులభమైనది. రేణువులు బాక్టీరియాను అంటిపెట్టుకొని, చుట్టుముట్టి, ఆహారం అందకుండా ఊపిరాడనీయకుండా చంపుతున్నవేమో! ఈ ఊహను పరీక్షించిన తీరు ఎంతో సరళంగా ఉన్నది. మన్నును నీటిలో బాగా కలిపి, తరువాత రేణువులన్నిటినీ వేరుచేసి, తేటనీటిని మాత్రం తీసుకొన్నారు. ఆ తేటలో బాక్టీరియాను విడిచారు. అక్కడా బాక్టీరియా చచ్చింది. హేడెల్ బృందం వేరే రెండు ఖనిజ మిశ్రమాలతో చేసి 2010లో ప్రకటించిన పరిశోధన ఈ విధంగానే, చంపేది మన్ను భౌతిక స్వభావం కాదని, అందులోనుండి నీటిలోకి దిగిన రసాయనమేనని నిర్ధారించింది.

ఆ రసాయనం ఏదో తేల్చడానికి 2008నాటి ప్రయోగాలలోనే ఆధారాలు ఉన్నాయి. ఫ్రెంచి మన్నును 550 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చినా దాని చంపే గుణం పోలేదు. ఆ వేడికి ఏ సూక్ష్మజీవీ మిగలదు. సేంద్రియ పదార్థమూ కాలిపోతుంది. కనుక హంతకుడు ప్రాణి కాదు, ప్రాణి విడిచిన మందు కూడా కాదు. 900 డిగ్రీలకు కాల్చినప్పుడు మాత్రం ఆ గుణం నశించింది. పొరల నడుమ ఉన్న అయాన్లను తీసివేసి వేరేవాటిని నింపినప్పుడు కూడా నశించింది. ఈ రెండు సాక్ష్యాలూ ఒకవైపే వేలు చూపుతున్నాయి. మన్ను బరువు మోసే బండి. చంపే సరుకు అందులోని లోహాల అయాన్లు.

అయితే ఏ లోహం? దీనికి స్పష్టమైన జవాబు ఫ్రాన్స్‌నుండి గాక అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంనుండి వచ్చింది. అక్కడ కాస్కేడ్ పర్వతశ్రేణిలో, ప్రాచీన అగ్నిపర్వతాల బూడిద భూగర్భంలోని వేడినీటికి నాని మారిపోగా ఏర్పడిన నీలిరంగు బంకమన్ను ఉన్నది. ఇంటి గోడలకు పూసే ఎర్రమన్ను ఎరుపు రంగుకు తుప్పుపట్టిన ఇనుమే కారణం. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసిన ఆ ఇనుము నీటిలో కరగదు. నీలిమన్నులో ఉన్నది గాలి తగలని, ఇంకా తుప్పు పట్టని ఇనుము. అది నీటిలో సులభంగా కరుగుతుంది. దానికి తోడు ఆ మన్నులో పైరైటు రేణువులున్నాయి. చూపుకు బంగారంలా మెరిసి పామరులను మోసగించే ఇనుము, గంధకాల సమ్మేళనం అది. గాలి, నీరు తగిలినప్పుడు పైరైటు క్రమంగా విడిపోయి ఒకవైపు ఇనుమును, మరొకవైపు ఆమ్లాన్ని ఇస్తుంది. ఆమ్లం ఉన్నంతకాలం ఇనుము కరిగే ఉంటుంది. అల్యూమినియం కూడా కరుగుతుంది. స్మెక్టైట్ పొరలు ఆ ఇనుమును దాచి ఉంచి కొద్దికొద్దిగా వదలుతాయి. చీమలు ధాన్యం దాచినట్లు దాచి, అవసరమైనప్పుడు తీసిన విధంగా ఆ మన్ను తన ఆయుధాన్ని పొదుపుగా వాడుతుంది.

కీత్ మారిసన్, రజీవ్ మిశ్రా, లిండా విలియమ్స్ 2016లో ప్రకటించిన వ్యాసంలో ఈ రెండు లోహాలూ జంటగా పనిచేసే విధానాన్ని వివరించారు. కోటను ముట్టడించినప్పుడు తలుపు గడియ ఊడదీసేవాడొకడు, లోపలికి దూకి నిప్పు పెట్టేవాడొకడు. అల్యూమినియం బాక్టీరియా కణత్వచానికి పట్టుకొని అక్కడి ప్రోటీనుల రూపాన్ని చెడగొడుతుంది. ఆ సందులలోనుండి ఇనుము అవసరానికి మించి లోపలికి చొరబడుతుంది. లోపలికి పోయిన ఇనుము ఆక్సీకరణం చెందుతూ హైడ్రాక్సిల్ రాడికల్ అనే అతితీవ్ర పదార్థాన్ని పుట్టిస్తుంది. 1894లో హెన్రీ ఫెంటన్ అనే బ్రిటిష్ రసాయనశాస్త్రజ్ఞుడు ఇనుము, హైడ్రజన్ పెరాక్సైడుల కలయికలో గమనించిన చర్య ఇటువంటిదే. ఆ రాడికల్ తనకు ఎదురైన ప్రోటీనును, జన్యుపదార్థాన్ని నాశనం చేస్తుంది. బాక్టీరియా ప్రాణానికి ఇనుము అత్యవసరం. మానవ రక్తంలో అది ఇనుముకోసం దేవురించి పోరాడుతుంది. అటువంటి ప్రాణికి కోరినదే కొండంతగా ఇచ్చి చంపడం ఈ మన్ను చేసే పని. యాంటీబయాటిక్ ఒక తాళానికి ఒక తాళంచెవివంటిది. తాళం మారిస్తే చెవి పనిచేయదు. ఇనుము ఏకకాలంలో అనేక చోట్ల దెబ్బ తీస్తుంది గనుక దానికి లొంగకుండా తప్పించుకోవడం బాక్టీరియాకు అంత సులభం కాదని పరిశోధకుల ఆశ.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా తీరంలో కిసమీట్ అనే అఖాతం ఉన్నది. అక్కడి ఆదివాసులైన హైల్ట్‌సుక్ ప్రజలు ఆ చోటి మన్నును పేగుపూతలకు, కాలిన గాయాలకు వాడేవారు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జూలియన్ డేవీస్ బృందం ఆ మన్నును పరీక్షించి, ఆసుపత్రులలో మందులకు లొంగక వైద్యులను బాధిస్తున్న ఆరు జాతుల బాక్టీరియాపై అది పనిచేస్తున్నదని 2016లో ప్రకటించింది. మందు ఏ గుట్టలో ఉన్నదో ఆదివాసుల అనుభవం ముందే గుర్తించింది. ఎందుకు ఉన్నదో తేల్చే పని ప్రయోగశాలకు మిగిలింది.

ఈ వార్తలు పత్రికలలో వచ్చిన ప్రతిసారీ ఒక ప్రమాదం వెన్నంటి వస్తున్నది. 'సహజం' అనే మాటకు అమాయకులను ఆకర్షించే బలం ఉన్నది. మట్టిని పొట్లాలు కట్టి, కడుపు శుభ్రపడుతుందని చెప్పి అమ్మే వ్యాపారం దేశదేశాలలో సాగుతున్నది. 2016లో అమెరికా ఆహార, ఔషధ పాలన సంస్థ రెండు రకాల బెంటొనైట్ మట్టి పొట్లాలలో సీసం ప్రమాదకర స్థాయిలో ఉన్నదని ప్రజలను హెచ్చరించింది. సీసం పసివారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఉపకరించే ఇనుమును పట్టి ఉంచే పొరలే సీసాన్నీ, ఆర్సెనిక్‌నూ పట్టి ఉంచుతాయి. మన్నుకు పక్షపాతం లేదు. స్మెక్టైట్‌తో చేసిన అతిసారపు మందు ఫ్రాన్స్‌లో ఎన్నో ఏళ్ళుగా వాడుకలో ఉన్నది. అది బాక్టీరియాను చంపడానికి కాక, పేగు గోడకు పూతగా ఏర్పడి విరేచనాలను కొంత తగ్గించడానికి ఉద్దేశించినది. దానిలోనూ సీసపు జాడలు ఉండవచ్చునన్న జాగ్రత్తతో, రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వవద్దని ఆ దేశపు ఔషధ సంస్థ 2019లో సూచించింది.

పరీక్షపాత్రకు, కడుపుకు చాలా తేడా ఉన్నది. పాత్రలో చిక్కటి మన్ను, అందులో కొద్దిపాటి క్రిములు. కడుపులో జీర్ణరసాలు, సగం అరిగిన అన్నం, గజాల పొడవు పేగు. ఆ పేగులో మేలు చేసే బాక్టీరియా కోట్లలో ఉన్నది. లోహపు అయాన్లు శత్రువును, మిత్రుని వేరుచేసి చూడవు. ఇక స్టెఫైలోకాకస్ విషం అప్పటికే తయారై ఉంటే క్రిమిని చంపినందువలన ప్రయోజనం లేదు. విషాలను అంటించుకొనే గుణం వేరు, క్రిములను చంపే గుణం వేరు. మొదటి గుణానికీ ప్రాధాన్యం తక్కువ కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాల సరిహద్దు గిరిజన గ్రామాలలో బూజుపట్టిన మొక్కజొన్న తిని కాలేయం చెడి ఎందరో మరణించినప్పుడు, ఆ బూజు విడిచిన అఫ్లటాక్సిన్ అనే విషమే కారణమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు తెలిపారు. వేరుశనగ పండించే రాయలసీమ రైతుకు కూడా ఈ బూజు పరిచితమే. అమెరికాలోని టెక్సాస్‌లో ఒక రకం కాల్షియం బంకమన్ను ఈ విషాన్ని పేగులోనే పట్టి బయటికి పంపుతుందని కనుగొన్నారు. అది ఇప్పటికే పశువుల, కోళ్ళ మేతలో కలుస్తున్నది.

బాక్టీరియాను చంపే మన్నుల విషయంలో చిక్కు మరొకటి ఉన్నది. హేడెల్, ఆమె సహపరిశోధకురాలు కలిసి 2013లో ప్రకటించిన అధ్యయనంలో ఒకే మూలానికి చెందిన నాలుగు నమూనాలను పరీక్షించారు. నాలుగింటి ఖనిజ సంఘటనా దాదాపు ఒకటే. చంపే శక్తి మాత్రం నాలుగు విధాలుగా ఉన్నది. కరిగి బయటికి వచ్చే ఇనుము, రాగి, కోబాల్ట్, నికెల్, జింకుల పరిమాణంలోని తేడాలే అందుకు కారణం. ఒక గని మన్నే ఈ తవ్వకంలో ఒకలా, మరో తవ్వకంలో ఒకలా ఉంటే వైద్యుడు మోతాదు ఎలా నిర్ణయిస్తాడు? లెమ్నోస్ వర్తకుడు వేసిన ముద్ర ఇక్కడ సరిపోదు.

అందువలన పరిశోధకులు మన్నును అలాగే వాడే ఆలోచనకన్న, దానిలోని పద్ధతిని నేర్చుకొనే ఆలోచనవైపు మొగ్గుచూపుతున్నారు. శుభ్రమైన ఖనిజంలో తగు పాళ్ళలో ఇనుమును, అల్యూమినియంను నింపి, తుప్పు పట్టకుండా కాపాడి, గాయంపై పూతగా వాడవచ్చునా అన్నది వారి ప్రశ్న. కడుపుకంటె ముందు గాయాన్నే ఎన్నుకోవడానికి కారణం స్పష్టం. గాయంపై మన్ను చిక్కగా నిలుస్తుంది, అవసరం తీరగానే కడిగివేయవచ్చు. మేయో క్లినిక్ పరిశోధకులు అరిజోనా బృందంతో కలిసి 2018లో ప్రకటించిన ప్రయోగాలలో, గాయాలపై బంకపొరగా పేరుకొని మందులను దరిచేరనీయని బాక్టీరియాను కూడా క్షయకరణ ఇనుము గల మన్ను తగ్గించగలిగింది. ఆ ప్రయోగాలు పాత్రలలో జరిగినవి.

ఆహారం విషతుల్యమై మంచం పట్టినవానికి నేడు వైద్యుడు ఇచ్చేది ఉప్పు, చక్కెర కలిపిన నీటి పొట్లమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి, సెలైన్ సీసాలు నిండుకొన్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఆ నీటినే తాగించి వేలమందిని బతికించాడు. ఆ నీరు ఏ క్రిమినీ చంపదు. పోయిన నీటిని, లవణాలను తిరిగి ఇచ్చి, క్రిమితో పోరాడే వ్యవధిని దేహానికి కల్పిస్తుంది.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. బంకమన్నులో బాక్టీరియాను చంపేది ఏదో శాస్త్రజ్ఞులు ఒక్కొక్క ఊహను పరీక్షిస్తూ ఎలా నిర్ధారించారో వివరించండి.
2. పరీక్షపాత్రలో పనిచేసిన మన్నును కడుపులోకి మందుగా ఎందుకు తీసుకోరాదో పాఠం ఆధారంగా చర్చించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. రెండు ఫ్రెంచి మన్నులలో కనిపించిన తేడా ఏమిటి?
2. ఆరెగాన్ మన్ను నీలిరంగుకు, ఎర్రమన్ను ఎరుపు రంగుకు కారణాలేమిటి?
3. ఆరియోమైసిన్‌కు, బంకమన్నుకు గల భేదాన్ని తెలపండి.

విడదీసి సంధి పేరు రాయండి: జీవనాధారం, దేహోష్ణం, అత్యవసరం.

సొంతవాక్యాలలో ప్రయోగించండి: మన్ను తిన్న పాము, నోట మన్ను కొట్టు, చెక్కుచెదరు.